కాడి కింద మెడ: తూర్పు కనుమల దుక్కిటెద్దు మెడ నిర్మాణం, కాడి పుండ్ల నివారణ

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, చింతపల్లి మండలాల్లో కొండ వాలును మెట్లుగా చెక్కి చేసిన పొలాలు అనేకం ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల ట్రాక్టరు దిగే దారి లేదు, దిగినా తిరిగే చోటు లేదు. పల్లంలో వరి మడులకైనా, గరువుల్లో చోడి, సామ, వలిసె పంటలకైనా దుక్కి భారమంతా ఎద్దుల మెడ మీదనే పడుతుంది. తొలకరి పడిన తరువాత విత్తడానికి అనువైన రోజులు కొద్ది. ఆ రోజుల్లో జతలో ఒక ఎద్దు మెడ పుండు పడితే రెండో ఎద్దు కూడా కొట్టంలో నిలబడిపోతుంది. విత్తనం ఆలస్యమవుతుంది, లేదా పుండు మీదనే కాడి ఎక్కుతుంది.

పశువైద్యంలో కాడి పుండును సాధారణంగా చర్మ గాయంగానే చూస్తాం. మందు పూసి, కొన్ని రోజులు విశ్రాంతి ఇమ్మని చెబుతాం. పుండు మానుతుంది, మరుసటి ఖరీఫ్‌లో అదే చోట మళ్లీ లేస్తుంది. దీనికి కారణం చర్మం కింద ఉంది. కాడి వల్ల జరిగే హాని చాలా సందర్భాల్లో లోతు పొరల్లో మొదలై, చివరికి పైకి కనబడుతుంది. అందుచేత మెడలోని పొరలు, కండరాలు, సిరలు, నాడులు ఏ వరుసలో ఉన్నాయో తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త పుండు లేవక ముందే దానిని చేతితో గుర్తించగలడు. ఈ వ్యాసం ఆ వరుసను కాడి దృష్టితో, రైతు పొలం దృష్టితో వివరిస్తుంది.

చర్మం, దాని కింది జారుడు పొర

దుక్కిటెద్దు మెడ పైభాగంలో చర్మం దళసరిగా ఉంటుంది. దాని కింద వదులైన సంధాయక కణజాలంతో కూడిన పొర ఉంటుంది. దీనినే పై ఫేషియా అంటారు. చర్మం కండరాల మీద అటూ ఇటూ జారగలగడానికి కారణం ఈ పొరే. మెడ పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే గుప్పెడు చర్మం లేస్తుంది. గొంతు కింద వేలాడే గంగడోలు కూడా ప్రధానంగా ఈ వదులు కణజాలంతో నిండిన చర్మపు మడతే.

ఈ జారుడు గుణం పశువుకు రక్షణ. కాడి కొద్దిగా కదిలినప్పుడు చర్మం కూడా దానితో కదులుతుంది, రాపిడి తగ్గుతుంది. అయితే రోజుల తరబడి ఒకే చోట కోత బలం పడితే ఈ పొరలోని సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. ద్రవం చేరి మెత్తని వాపు వస్తుంది. అది తగ్గక ముందే మళ్లీ కాడి ఎత్తితే తంతు కణజాలం పెరిగి చర్మం కింది పొరకు అతుక్కుపోతుంది. అలా అతుక్కున్న చర్మం జారదు. జారని చర్మం మీద కాడి రాపిడి నేరుగా పడుతుంది, చర్మం చిట్లుతుంది. ఒకసారి పుండు పడిన చోటనే ఏటేటా పుండు పడడంలోని రహస్యం ఇదే.

లోతు ఫేషియా, కండరాలు, మూపురం

పై ఫేషియా కింద గట్టి తంతువులతో అల్లిన లోతు ఫేషియా ఉంటుంది. ఇది కండరాలను విడివిడిగా చుట్టి, వాటి మధ్య అరలు ఏర్పరుస్తుంది. మెడ పైభాగంలో మొదట కనిపించేది ట్రెపీజియస్ కండరం. పలుచగా, త్రిభుజాకారంలో మెడ మధ్య రేఖ నుండి భుజాస్థి మీది గట్టు వరకు పరచుకొని ఉంటుంది. దాని కింద రాంబాయిడియస్ కండరం ఉంటుంది. మన దేశవాళీ పశువుల మూపురంలో ప్రధాన భాగం ఈ రాంబాయిడియస్ కండరమే. దానిలో కొవ్వు కూడా కలిసి ఉంటుంది. మూపురం కేవలం కొవ్వు ముద్ద అని విద్యార్థుల్లో ఉండే అభిప్రాయం సరి కాదు.

ఈ కండరాలన్నింటికీ మధ్యగా, పుర్రె వెనుక భాగం నుండి మూపురం కింది వెన్నుపూసల ముళ్ల వరకు పసుపు రంగు సాగే బంధనం ఒకటి పోతుంది. దీనిని న్యూకల్ బంధనం అంటారు. బరువైన తలను నిలబెట్టడానికి కండరాలు నిరంతరం శ్రమ పడకుండా ఇది తోడ్పడుతుంది. మెడలో 7 వెన్నుపూసలు ఉన్నా అవి ఈ బంధనానికి చాలా దిగువన, మెడ మధ్యలో వంపు తిరిగి ఉంటాయి. కనుక కాడి నేరుగా మెడ వెన్నుపూసల మీద ఆనుతుందన్న అభిప్రాయం కూడా పొరపాటే.

కాడి నిలిచేది మూపురానికి సరిగ్గా ముందు. ఎద్దు ముందుకు అడుగు వేసినప్పుడు మూపురం కాడిని వెనక్కి జారకుండా ఆపే కట్టలా పనిచేస్తుంది. ఐరోపా జాతులతో సంకరమైన పశువుల్లో మూపురం చిన్నది లేదా ఉండదు. అటువంటి కోడెలను కాడికి కట్టినప్పుడు కాడి వెనక్కి జారి, భుజాల మధ్య ఎముకల ముళ్ల మీద ఒరుసుకుంటుంది. సంకర జాతి కృత్రిమ గర్భధారణను కొండ గ్రామాలకు సిఫారసు చేసేటప్పుడు పాల లెక్కతో పాటు ఈ కాడి లెక్కను కూడా రైతు ముందు ఉంచాలి. పుట్టే కోడెదూడకు రేపటి దుక్కి పని ఉంది.

గుర్రానికి మూపురం లేదు కనుకనే ప్రపంచంలో దాని పరికరాల చరిత్ర వేరే దారిన నడిచింది. చైనాలోనూ, తరువాత ఐరోపాలోనూ బరువును భుజాల మీదికి మళ్లించే మెత్తని మెడపట్టీ వాడుకలోకి వచ్చింది. మన ఎద్దుకు ప్రకృతి మూపురం ఇచ్చింది. దాని ముందు ఆనే కర్ర ఎలా ఉండాలన్నదే మన ముందున్న ప్రశ్న.

పీడనం లెక్క

దుక్కిటెద్దు గంటల తరబడి నిలకడగా లాగగల బలం దాని శరీర బరువులో సుమారు 10వ వంతు అని సాధారణ అంచనా. 200 కిలోల చిన్నపాటి కొండ ఎద్దును ఉదాహరణగా తీసుకుంటే అది సుమారు 20 కిలోల బలంతో లాగుతుంది. కాడి గుండ్రని సన్న కర్ర అయి, మెడకు 60 చదరపు సెంటీమీటర్ల మేర మాత్రమే ఆనుతుందని అనుకుందాం. అప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 333 గ్రాముల పీడనం పడుతుంది.

మనుషుల్లో రక్తకేశనాళికల్లో ధమని వైపున రక్తపీడనం సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 43 గ్రాములు. పశువుల్లోనూ ఈ నాళికలు ఇంతే సున్నితమైనవిగా భావిస్తే, పైన చెప్పిన కాడి వాటి మీద దాదాపు 8 రెట్ల పీడనం వేస్తోంది. ఆ పీడనం కింద నాళికలు మూసుకుపోతాయి, కణజాలానికి రక్తం అందదు. గట్టి కర్రకు, లోపలి గట్టి బంధనానికి మధ్య నలిగేది మెత్తని పొరలే. చర్మం కంటే కండరం రక్తం కొరతను తక్కువగా తట్టుకుంటుంది. లోతున హాని ముందు మొదలవడానికి కారణం అదే.

ఇదే కాడిని వెడల్పుగా, మెడ వంపుకు సరిపోయేలా చెక్కి 180 చదరపు సెంటీమీటర్ల మేర ఆనేలా చేస్తే పీడనం 111 గ్రాములకు తగ్గుతుంది. మూడో వంతు అయినా అది ఇంకా నాళికల పీడనం కంటే ఎక్కువే. కనుక కాడి వెడల్పు ఒక్కటే చాలదు, మధ్య మధ్య కాడి దించి రక్తం తిరిగి పారనివ్వడం కూడా తప్పనిసరి. కొండ దారుల్లో కావడి మోసే మనిషి భుజం నొప్పి పుట్టగానే కావడిని రెండో భుజానికి మార్చుకుంటాడు. ఎద్దుకు మరో మెడ లేదు. ఆ మార్పు యజమాని చేతిలో ఉంది.

వాలు భూముల ప్రత్యేకత

మైదానంలో కాడి రెండు మెడల మీద సమంగా ఉంటుంది. కొండ వాలుకు అడ్డంగా దున్నేటప్పుడు ఒక ఎద్దు ఎగువన, మరొకటి దిగువన నడుస్తుంది. కాడి పల్లం వైపు ఒరుగుతుంది, జారుతుంది. అప్పుడు రెండు ఎద్దులకూ ఎగువ వైపున ఉన్న కాడి పుల్లే మెడ పక్కకు నొక్కుకుంటుంది. కాడి కింది ముఖం మొత్తం ఆనకుండా ఒక అంచు మాత్రమే ఆనుతుంది. సాలు చివర తిరిగిన ప్రతిసారీ ఎగువ దిగువలు మారతాయి కనుక గాయాలు మెడకు రెండు పక్కలా కనిపిస్తాయి. ఎత్తులో తేడా ఉన్న జతను కట్టినా ఇదే జరుగుతుంది.

చిన్న మడుల్లో మలుపులు ఎక్కువ. మలుపులో లోపలి ఎద్దు దాదాపు నిలబడి ఉండగా కాడి దాని మెడ మీద మెలి తిరుగుతుంది. గరువుల్లో కర్రు రాతికి తగిలినప్పుడల్లా ఆ దెబ్బ మెడకు చేరుతుంది. వీటికి తోడు దుక్కి కాలం, వాన కాలం ఒకటే. తడిసి మెత్తబడిన చర్మం పొడి చర్మం కంటే తొందరగా చిట్లుతుంది. వేసవి అంతా కాడి ఎరగని మెడ తొలకరి మొదటి రోజునే పూర్తి పూట పనికి దిగడం కూడా ఒక కారణం.

మెడ పక్కన సిరలు, ధమని, అన్నవాహిక

కాడి పైన కూర్చుంటే, దానిని నిలిపే తాడు గొంతు కిందుగా పోతుంది. ఆ తాడు ఆనే చోటు మరింత సున్నితమైనది. మెడ పక్కన రెండు పొడవాటి కండరాల మధ్య ఒక గాడి కనిపిస్తుంది. పైన బ్రాకియోసెఫాలికస్, కింద స్టెర్నోసెఫాలికస్. ఆ గాడిలో చర్మానికి దగ్గరగా వెలుపలి జుగులార్ సిర ఉంటుంది. తల నుండి తిరిగి వచ్చే రక్తంలో అధిక భాగం దీని గుండానే గుండెకు చేరుతుంది. గాడి దిగువన బొటనవేలితో నొక్కితే కొద్ది క్షణాల్లో సిర ఉబ్బి కనబడుతుంది. వదలగానే తగ్గుతుంది.

సిర గోడ పలుచన, లోపలి పీడనం తక్కువ. తాడు బిగుతైతే ముందుగా మూసుకునేది సిరే. తల వైపు రక్తం నిలిచి కళ్లు ఎర్రబడతాయి. తాడు, మెడకు మధ్య నాలుగు వేళ్లు సులభంగా దూరాలన్న నియమానికి ఆధారం ఇది.

సిరకు లోపలగా, పలుచని కండరం అవతల, లోతు ఫేషియా ఒక గొట్టంలా చుట్టిన తొడుగు ఉంటుంది. దానిలో కెరోటిడ్ ధమని, లోపలి జుగులార్ సిర, వేగస్ నాడి, సింపథెటిక్ నాడి కలిసి పోతాయి. మెడ దిగువ భాగంలో అన్నవాహిక శ్వాసనాళానికి ఎడమ వైపుకు ఒరుగుతుంది. అందుకే పశువు నెమరు మింగేటప్పుడు ఎడమ గాడిలో ఒక అల కదలడం కనిపిస్తుంది. కాల్షియం వంటి మందులు సిరలోకి ఎక్కించేటప్పుడు సూది సిర దాటి పోతే వదులు కణజాలంలో మందు చేరి తీవ్రమైన వాపు వస్తుంది, చర్మం కుళ్లి ఊడిపోవచ్చు. ఈ పని శిక్షణ పొందిన పశువైద్యుడే చేయాలి.

నాడులు ఇచ్చే తొలి సూచన

మెడ వెన్నుపూసలు 7 అయినా మెడ వెన్నునాడులు 8 జతలు. వాటి పైశాఖలు మెడ పైభాగపు చర్మానికి స్పర్శను అందిస్తాయి. కాడి చూడగానే తల తిప్పడం, చెయ్యి వేయగానే చర్మం వణికించడం, మెడ కిందికి వంచడం ఈ నాడులు తెలిపే నొప్పికి గుర్తులు. దీనిని మొండితనంగా భావించి ములుకోలతో పొడవడం సరి కాదు. పుండు రావడానికి ముందు పశువు చెప్పగల మాట అదొక్కటే.

ట్రెపీజియస్ కండరాన్ని పనిచేయించేది అనుబంధ నాడి. భుజాస్థి ముందు అంచు చుట్టూ తిరిగి పోయే సుప్రాస్కాపులార్ నాడి మరింత అపాయకరమైన చోట ఉంది. సరిపోని మెడపట్టీల వల్ల ఈ నాడి దెబ్బతిని, భుజం మీది కండరాలు కృశించడం గుర్రాల్లో చాలా కాలంగా తెలిసిన విషయం. వెనక్కి, పక్కకు జారిన కాడి పుల్ల ఎద్దులోనూ అదే చోటును తాకవచ్చు. భుజాస్థి గట్టు ఒక వైపే ఎక్కువగా బయటపడి కనిపిస్తే కాడి పుల్ల స్థానాన్ని వెంటనే పరిశీలించాలి.

వాపు ఎక్కడ ఉంది?

మెడ వాపులన్నీ కాడి వాపులు కావు. ఈ తేడా తెలియకపోతే ప్రాణ నష్టం జరుగుతుంది. కాడి వాపు మెడ పైన, మూపురానికి ముందు వస్తుంది. పశువు మేత మేస్తుంది, సాధారణంగా జ్వరం ఉండదు. గొంతువాపు వ్యాధిలో వాపు గొంతు కింద మొదలై గంగడోలు, రొమ్ము వైపు వ్యాపిస్తుంది. వేడిగా, నొప్పిగా ఉంటుంది. జ్వరం 104 నుండి 106 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. చొంగ కారుతుంది, శ్వాసలో గురక వినిపిస్తుంది. పాశ్చురెల్లా మల్టోసిడా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఈ వ్యాధిలో పశువు 24 గంటల్లోపే మరణించవచ్చు. వాపు అంత వేగంగా పాకడానికి దారి ఇచ్చేది మనం పైన చెప్పుకున్న వదులు పొరే. మూడో రకం వాపు దవడల మధ్య వస్తుంది. చల్లగా, నొప్పి లేకుండా ఉండే ఈ వాపు కార్జపు జలగ వంటి పరాన్నజీవుల వల్ల కలిగే రక్తహీనతకు గుర్తు.

గొంతువాపు టీకా ఏటా తొలకరికి ముందే వేయాలి. ఇక్కడ టీకా స్థానం కూడా కాడి విషయమే. టీకా వేసిన చోట కొన్నాళ్లు చిన్న గడ్డ ఉండవచ్చు. అది కాడి ఆనే చోటనే ఏర్పడితే దుక్కి ఆగుతుంది. అటువంటి అనుభవం కలిగిన రైతు మరుసటి ఏడు టీకా బృందం వచ్చే వేళకు పశువులను కొండకు తోలడంలో ఆశ్చర్యం లేదు. కనుక దుక్కిటెద్దుకు మెడ పక్కన, కాడి చోటుకు బాగా దిగువగా, భుజానికి ముందు వదులు చర్మం కింద టీకా వేయాలి. దుక్కి మొదలుకావడానికి కనీసం రెండు మూడు వారాల ముందు వేస్తే రోగ నిరోధకత ఏర్పడుతుంది, గడ్డ కూడా కరుగుతుంది.

చేతితో పరీక్ష

దుక్కి కాలంలో పని ముగిసిన గంట తరువాత ఎద్దు మెడను ఈ వరుసలో పరీక్షించడం విస్తరణ సిబ్బందికి, గ్రామీణ పశుసంవర్ధక సహాయకులకు అలవాటు కావాలి.

1. అరచేతిని మూపురం ముందు పెట్టి పక్క భాగంతో వేడి పోల్చాలి. వేడి ఎక్కువగా ఉంటే లోపల నలుగుడు మొదలైనట్లు.
2. చర్మాన్ని వేళ్లతో పట్టి జరపాలి. జారితే పై ఫేషియా బాగున్నట్లు. అతుక్కొని ఉంటే పాత గాయం ఉన్నట్లు.
3. వాపు ఉంటే వేలితో నొక్కాలి. గుంట పడితే ద్రవం, అలలా కదిలితే రక్తం లేదా చీము, గట్టిగా ఉంటే తంతు కణజాలం.
4. భుజానికి ముందు, కండరం కింద ఉండే శోషరస గ్రంథిని తడమాలి. ఒక వైపు పెద్దదైతే ఆ వైపు గాయంలో చీము ఉందేమో చూడాలి. రెండు వైపులా పెద్దవైతే థైలీరియా వంటి వ్యాధులను అనుమానించాలి.
5. కాడిని తిరగేసి దాని కింది ముఖాన్ని కూడా తడమాలి. పగులు, ముడి, మేకు తల ఉంటే రోగ కారణం అక్కడే దొరుకుతుంది.

కువి, ఆదివాసీ ఒడియా, పోర్జ, గదబ భాషలు వినిపించే ఈ గ్రామాల్లో ముద్రించిన కరపత్రం కంటే రైతు చేతిని పట్టి ఎద్దు మెడ మీద పెట్టి చూపడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. వేడి, జారుడు, గుంట అనే మూడు గుర్తులకు అనువాదం అక్కరలేదు.

నివారణ, చికిత్స

కాడిని తేలిక కర్రతో, వెడల్పైన నునుపు ముఖంతో, మెడ వంపుకు అనుగుణంగా చెక్కించాలి. తడిస్తే గట్టిపడే గోనె ముక్కలను మెత్తలుగా వాడకూడదు. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ సమన్వయంతో సాగిన పశుశక్తి పరిశోధనల్లో మెరుగైన కాడులు రూపొందాయి. బెంగళూరులోని భారతీయ యాజమాన్య సంస్థ తొలి సంచాలకులు ఎన్.ఎస్. రామస్వామి పశుశక్తిని దేశ ఇంధన వనరుగా గుర్తించాలని, కాడిని, బండిని బాగుచేయాలని దీర్ఘకాలం వాదించారు. ఆ రూపాలను ఉన్నవి ఉన్నట్లు తీసుకోకుండా వాలు భూములకు, చిన్న ఎద్దులకు తగినట్లు మార్చడం చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి కేంద్రాలకు, పశువైద్య విశ్వవిద్యాలయానికి, స్థానిక వడ్రంగులకు కలిసి చేయదగిన పని.

తొలకరికి రెండు వారాల ముందు నుండి రోజుకు కొద్దిసేపు కాడి అలవాటు చేయాలి. పనిలో గంటకొకసారి కొద్ది నిమిషాలు కాడి దించాలి. వాపు కొత్తదైతే పని ఆపి చల్లని నీటి గుడ్డ వేయాలి. పాతబడి గట్టిపడితే గోరువెచ్చని కాపడం మేలు. నిగ్గుదేలని వాపును కత్తితో కోయకూడదు. లోపల రక్తం ఉంటే స్రావం ఆగదు, చీము చేరుతుంది. కాల్చిన ఇనుముతో వాతలు పెడితే చర్మం కింది పొరకు శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఇది మరుసటి ఏటి పుండుకు మనమే పునాది వేయడం. తెరచిన పుండును శుభ్రపరచి, ఈగలు వాలకుండా చుట్టూ వేప నూనె రాయాలి. పురుగులు పడినా, గడ్డ గట్టిపడినా 1962 సంచార పశువైద్య సేవను పిలవాలి. పెద్ద తంతు గడ్డలకు శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

పుండు ఉన్న, పనికి తగని పశువుతో పని చేయించడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. బండి లాగే, బరువు మోసే పశువులతో రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదని 1965 నాటి నియమాలు చెబుతున్నాయి. కానీ ఒకే జత ఉన్న కొండ రైతుకు చట్టం గుర్తు చేసి వదిలేస్తే ప్రయోజనం లేదు. విత్తే వారంలో ఎద్దుకు విశ్రాంతి ఇమ్మని చెప్పేవారు ఆ వారానికి మరో జతను ఎలా సమకూర్చాలో కూడా చెప్పగలగాలి. గ్రామంలో దుక్కి బదుళ్లను రైతు సంఘాల ద్వారా ముందుగానే ఏర్పాటు చేయడం, మే నెలలో టీకాతో పాటు మెడ పరీక్ష, కాడి పరీక్ష ఒకే రోజు జరపడం సాధ్యమైన మార్గాలు. ఒక్క సందర్శనలో మూడు పనులు జరిగితే జూన్‌లో పుండుకు మందు వెతికే అవసరం చాలా వరకు తప్పుతుంది.